నేను గీసిన రోడ్డు

ఆఫీసులో ఏడాదికోసారి చేసే వైద్య పరీక్షల్లో నా కాలేయం మీద కొవ్వు పేరుకుందని తేలింది. డాక్టరమ్మ నాకంటే చిన్నది. కాగితం నా వైపు తిప్పి, "ముప్పై మూడేళ్ళకే ఇట్లయితే ఎట్ల సార్? రోజూ పరుగెత్తండి" అంది. ఆ కాగితాన్ని ఆఫీసు సొరుగులో అడుగున దాచి ఇంటికొచ్చాను. రెండో కాపీ పోస్టులో ఇంటికే వస్తుందని నాకు తెలియదు. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అతికించింది. ఇంటికొచ్చిన చుట్టాలంతా చల్లనీళ్ళు తాగుతూ నా కాలేయం గురించి చదువుకునేవాళ్ళు. ఆ అవమానం భరించలేక బూట్లు కొన్నాను.

అప్పట్లో మేం మొయినాబాద్‌లో ఉండేవాళ్ళం. బస్టాండు దగ్గర మా బాపుకు, అంటే మా నాన్నకు, కిరాణా దుకాణం. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. ఎనిమిదింటికి ఆఫీసు క్వాలిస్ వచ్చి దుకాణం ముందు హారన్ కొట్టేది. ఆలోపే పరుగెత్తి, స్నానం చేసి, టిఫిన్ తినాలి. మా ఇంటి వెనక నుంచి పక్క పల్లె హిమాయత్‌నగర్ వైపు ఒక బండ్లబాట పోయేది. రెండు పక్కలా టమాట, పాలకూర, కొత్తిమీర మళ్ళు. ఐదున్నరకు బయలుదేరి ఆ బాట పట్టేవాణ్ణి.

ఫిబ్రవరి హాయిగా గడిచింది, జనంతో తప్ప. మా వైపు మనిషి పరుగెత్తుతున్నాడంటే బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా కుక్క వెంటపడి ఉండాలి. మొదటి రోజే ముడిమ్యాల నుంచి వచ్చే షేర్ ఆటో నా పక్కన ఆగింది.

"అన్నా, బస్సు పోయిందా? ఎక్కు, అందుకుందాం" అన్నాడు డ్రైవరు.

"లేదన్నా, ఊరికే ఉరుకుతున్న."

అతను వెనక్కి తిరిగి, "ఊరికెనే ఉరుకుతుండట!" అని లోపలివాళ్ళకు చెప్పాడు. ఎనిమిది తలలు బయటికొచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశాయి. తర్వాత ఎంతసేపటికీ ఆటో ముందుకు పోలేదు. నా వెనకాలే నెమ్మదిగా వచ్చింది, నేను నిజంగానే ఊరికే పరుగెత్తుతున్నానో లేదో తేల్చుకోవడానికి.

మార్చి దాటేసరికి జనం అలవాటుపడ్డారు, కానీ ఎండ మొదలైంది. ఆరింటికే వీపు మీద వేడి చెయ్యి పెట్టినట్టుండేది. మనసు సాకులు వెతకడంలో నాకంటే మంచి టెస్టర్. ఒకరోజు మేజోళ్ళు ఆరలేదంది. ఇంకోరోజు నిద్ర సరిపోలేదంది. ఒక మంగళవారం పొద్దున, మంగళవారం కదా అంది. ఆ సాకును మా ఆవిడకు చెబితే ఆమె చాలాసేపు నా వంక చూసి, లేచి ఫ్రిజ్ తలుపు తెరిచి మూసింది.

ఇలా కాదని ఒక ఉపాయం చేశాను. ఆదివారం తెల్లవారుజామున బాపు స్కూటర్ మీద ఆ బాట వెంట వెళ్ళి, మీటరు చూసుకుంటూ అర కిలోమీటరుకొకచోట ఆగి, బాట పక్క రాళ్ళ మీద సున్నంతో గీతలు పెట్టాను. సున్నం మా దుకాణంలోదే. వారానికొక గీత దాటాలని నా లెక్క. ఊరికే గీతలు పెడితే సరిపోయేది. కానీ ఆఫీసులో మేం చేసే ప్రతి పరీక్షకూ ఒక నంబరు ఇస్తాం. ఆ అలవాటు కొద్దీ ఒక్కో గీత కింద ఇంగ్లీషు టి అక్షరం, పక్కన అంకె రాశాను. ఊపు మీద ఉన్నానేమో, పక్కన బాణం గుర్తు కూడా వేశాను. టి-1 నుంచి టి-6 దాకా. చాలా నీటుగా వచ్చాయి. ఆ నీటుతనమే కొంప ముంచింది.

పది రోజుల తర్వాత దుకాణంలో కూర్చుని పల్లీలు తింటున్నాను. చక్కెర కోసం వచ్చిన ఒక రైతు బాపుతో, "సేటూ, ఎరుకేనా? మన చెల్కలల్ల నుంచి రోడ్డు పోతుందట" అన్నాడు.

"ఏం రోడ్డు?"

"పెద్ద రోడ్డు. అరవై ఫీట్లది. మార్కింగులు గూడ పెట్టిన్రు. టి వన్, టి టూ అని రాసి బాణాలేసిన్రు."

పల్లీ నా గొంతులో అడ్డం పడింది. బాపు నా వీపు మీద చరిచి, మళ్ళీ ఆ రైతు వైపు తిరిగి, "టి అంటే ఏందట?" అని అడిగాడు.

"టర్నింగ్ అంటుండ్రు."

సాయంత్రానికి రోడ్డు వంద అడుగులైంది. బుధవారానికి రెండు వందలు. టి అంటే టర్నింగ్ కాదు, టోల్ గేట్ అన్నారు కొందరు. అంతా కలిసి చివరికి టెక్నాలజీ దగ్గర స్థిరపడ్డారు. మాదాపూర్ లాంటిదే ఇంకోటి ఇటు వస్తోందని, దానికోసమే ఈ రోడ్డని. నూటపదకొండు జీవో కూడా ఎత్తేస్తున్నారన్నాడు ఇంకొకాయన. చెరువుల్లో నీళ్ళు పాడుకాకుండా మా వైపు పెద్ద కట్టడాలను ఆపిన ఉత్తర్వు అది. దాన్ని ఎత్తేస్తున్నారనే మాట మాకు ఏటా మామిడికాయలతో పాటు వస్తుంది. కానీ ఈసారి ఆ మాటకు రుజువుగా నా చేతిరాత ఉంది. నగరం నుంచి తెల్ల కార్లు వచ్చి నా బాణాల పక్కన ఆగడం మొదలైంది.

మా ఆవిడకు మాత్రం మొదటి రోజే తెలుసు. స్నానాల మగ్గుకు సున్నం అంటించింది నేనే కదా. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని నవ్వీ నవ్వీ, చివరికి కళ్ళు తుడుచుకుంది. "నేనైతే రేపటి నుంచి పరుగు మానేస్త" అని నేనంటే, ఒక్క మాటతో నా దారి మూసేసింది.

"ఇప్పుడు ఆపిన్రనుకోండి, దొరికిపోతరు. గీతలు వచ్చినయ్, ఉరికేటాయన మాయమైండు అంటరు. ఏం తెల్వనట్టు రోజూ ఉరకాలె మీరు."

అలా అమాయకుడిలా కనిపించడం కోసం ఏప్రిల్ ఎండల్లో పరుగెత్తాను.

ఒక పొద్దున టి-2 దగ్గర పదిమంది గుమిగూడి రాయిని చూస్తున్నారు. నన్ను ఆపారు. "అన్నా, నువ్వు రోజు గీ బాటల్నే పోతవ్ గద. మార్కులు పెట్టినోల్లను చూసినవా?"

అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా అందుకే. కానీ అందరూ ఎంత ఆశగా చూస్తున్నారంటే, నా నాలుక దురద పెట్టింది.

"చూసిన. జీపుల వచ్చిన్రు. ఇద్దరు. టోపీలు పెట్టుకున్నరు."

"ఏం రంగు టోపీలు?"

"పచ్చటివి."

"పచ్చ టోపీలంటే ఢిల్లీ ఆఫీసర్లే" అని వాళ్ళలో పెద్దాయన తేల్చేశాడు. మిగతావాళ్ళు తలలూపారు. "మళ్ళొస్తే జర చెప్పన్నా. ఒక్క రోజు గూడ తప్పకుండ చూస్తుండు" అని నాకు కాపలా పని కూడా అప్పగించారు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ ఈసారి నవ్వలేదు. "టోపీలెందుకు చెప్పిన్రు?" అంది.

మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు ఒక తడి గోనెసంచి ముక్క పట్టుకుని బయలుదేరాను, అన్నీ తుడిచేద్దామని. జనం తక్కువ తిరిగే చోటు నుంచి మొదలుపెడదామని టి-4 దగ్గర కూర్చుని రుద్దుతున్నాను. వెనక నుంచి, "ఎవడ్రా అది?" అని వినిపించింది.

బోరు మోటారు గది పక్క నుంచి ఒక అవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది, చేతిలో పాలకూర కోసే కొడవలి. పొలం ఆమెదే. రాయిని చూసింది, గోనె ముక్కను చూసింది, తెల్లగా అయిన నా చేతులను చూసింది.

"పచ్చ టోపీ నువ్వేనా?" అంది.

అన్నీ చెప్పేశాను. కాలేయం, బూట్లు, టి అక్షరం, మంగళవారం సాకుతో సహా. అవ్వ గట్టు మీద కూలబడి, కొడవలి పక్కన పెట్టి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. నేను కూడా కొంచెం నవ్వి, తుడవడానికి మళ్ళీ వంగాను. ఆమె టక్కున నవ్వు ఆపింది.

"ఏయ్, తుడుస్తవేంది? ఆగు."

"తప్పు కద అవ్వా. ఊరంత పరేషాన్ అయితుంది."

"ఊరి సంగతి ఇడిసిపెట్టు. నా సంగతి ఇను. మా వోడు గీ మూడెకరాలు అమ్ముతడట. కారు కొంటడట. మీ సాఫ్టువేరోల్లను ఎక్కించుకుని తిప్పుతడట. బయానా తీసుకునేటోడే, గీ గీతలు చూసి ఆగిండు, ధర ఇంక పెరుగుతదని. నువ్వు తుడిస్తే రేపే పోయి చేవెళ్ళ ఆఫీసుల సంతకం పెట్టొస్తడు."

"ఎన్ని రోజులు ఆపుతవవ్వా?"

"వానలు పడేదాక. ఒక్కపారి మక్కలు పెట్టినమంటే పంట చేతికొచ్చేదాక వాడు అమ్ముడు మాట ఎత్తడు. వానికి పంట మీద పానం. కారు పిచ్చి ఎండకాలమే ఉంటది." తర్వాత కొడవలి తీసుకుని దానితో నన్ను చూపిస్తూ, "నువ్వు రోజు ఉరకాలె. నువ్వు బందు పెడితే మందికి అనుమానమొస్తది. రాకుంటే పోయి మీ బాపుకు చెప్త" అంది.

తుడిచినంత మేర ఆ సాయంత్రమే మళ్ళీ సున్నం పూశాను.

మే నెలలో నన్ను పరుగెత్తించింది ఆ అవ్వే. టి-4 దాకా వస్తే ఆమె గట్టు మీద కూర్చుని ఉండేది. "మా బర్రె నీకన్న ముందే వచ్చిపోయింది" అనేది. "కాళ్ళు ఈడుస్తున్నవేంది, చెప్పులు తెగినోని లెక్క?" అనేది. కరెంటు ఉన్న రోజు బోరు పైపు కింద తల పెట్టనిచ్చేది. ఆ నీళ్ళు నెత్తి మీద పడ్డప్పుడు నోట్లోంచి నాకు తెలియకుండానే ఒక కేక వచ్చేది. అది విని పక్క పొలంలో కొంగలు లేచేవి, అవ్వ తిట్టేది. కరెంటు లేని రోజు ఇంత మజ్జిగ పోసేది. ఎండలు ముదిరాక పొద్దున్నే వడగాలి మొదలయ్యేది. ఆ గాలిలో పరుగెత్తుతుంటే ఎదుటి నుంచి ఎవరో పొయ్యి ఊదుతున్నట్టుండేది. అయినా ఆ రోజుల్లోనే ఒక పొద్దున గమనించాను, టి-5 ఎప్పుడు దాటానో నాకు గుర్తులేదు. కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. అప్పుడే తడిపిన మడి నుంచి మట్టి వాసన వస్తోంది. ఎవరి భయమూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా ఇంకొంచెం దూరం పోయి తిరిగొచ్చాను.

అంతమాత్రాన మారిపోయానని కాదు. మరుసటి సోమవారమే ఎగ్గొట్టాను. ఏడింటికి దుకాణంలో కూర్చుని పేపరు చదువుతుంటే, నెత్తి మీద పాలకూర గంపతో అవ్వ ప్రత్యక్షమైంది. బాపు ముందు నిలబడి, కళ్ళు మాత్రం నా మీద పెట్టి, బస్టాండంతా వినిపించేలా అడిగింది:

"సేటూ, జర సున్నం ఉన్నదా?"

"ఎంత కావాలవ్వా?"

"గీతలు గీసేటంత."

పేపరు వెనక నేను చెమటలు కక్కాను. పరుగులో కూడా అంత చెమట పట్టలేదు. తర్వాత ఎప్పుడు తప్పినా అంతే. ఏడింటికల్లా గంప దిగేది, సున్నం బేరం మొదలయ్యేది. కొనేది కాదు. అడిగి, నన్ను చూసి, "రేపొస్త" అని పోయేది.

ఇలా వానల దాకా నెట్టుకొచ్చేవాళ్ళమే. మధ్యలో బాపు వచ్చిపడ్డాడు.

మే ఆఖర్లో ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఒక మంచి జాగ చూసిన" అన్నాడు. "టి-4 పక్కన. అవ్వ ఒకామె సున్నానికి వస్తుంది చూడు, ఆమె కొడుకుదే. అందరికన్న ఎక్కువ ఇస్తనన్న, ఒప్పుకుండు. గురువారం బయానా."

నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇరవై ఏళ్ళుగా దుకాణంలో నిలబడి కూడబెట్టిన సొమ్ము నా సున్నం గీత పక్కన పోయబోతున్నాడు. మరునాడు పొద్దున టి-4 దగ్గర అవ్వ గట్టు మీద లేదు. బాట మధ్యలో నిలబడి ఉంది.

"నీ గీతలు నా కొంప ముంచినయ్ రా! మీ బాపుకే అమ్ముతుండు వాడు. ఇప్పుడేం చేస్తవ్?"

నవ్వులాట అక్కడితో అయిపోయింది. దుకాణం దాకా ఆగకుండా పరుగెత్తాను. ఆ వేసవిలో నేను అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. బాపు దుకాణం తీసి కందిపప్పు తూకం వేస్తున్నాడు. ఎదురుగా నిలబడి ఒక్క ఊపున చెప్పేశాను.

"బాపూ, రోడ్డు లేదు. ఆ మార్కులు పెట్టింది నేనే."

తూకం పళ్ళెం అలాగే ఊగుతూ ఉండిపోయింది. బాపు పప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "జీపు?" అన్నాడు.

"జీపు లేదు."

"పచ్చ టోపీలు?"

"లేవు."

పళ్ళెంలోని పప్పును మళ్ళీ సంచిలో పోశాడు. కొడతాడేమో అనుకున్నాను. ముప్పై మూడేళ్ళ వయసులో ఎట్లా నిలబడి దెబ్బలు తినాలో కూడా ఆలోచించుకున్నాను. ఉన్నట్టుండి బాపు భుజాలు కదలడం మొదలైంది. "అందుకేనా ఆమె వారం వారం సున్నమడిగి కొనకుండ పోయేది!" అని, గల్లాపెట్టె మీద తల ఆనించి నవ్వాడు. తర్వాత తల ఎత్తేసరికి ముఖంలో నవ్వు లేదు. "నేనొక్కణ్ణే అయితే నవ్వి ఊకుంట. ఇంకెవరన్న గీ మాట నమ్మి కొంటే? గా పాపం ఎవరిది?" అన్నాడు. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

ఆ రోజు నుంచి బాపు తన పద్ధతిలో రోడ్డును కూల్చేశాడు. భూమి గురించి ఎవరు మాట ఎత్తినా, "పట్నంల ఆఫీసుల అడిగించిన, ఏం రోడ్డు లేదట. ఎవ్వలు బయానాలు ఇయ్యకున్రి" అనేవాడు. భూమి మీద దండిగా ఆశపడ్డ మనిషే వెనక్కి తగ్గాడంటే ఏదో ఉందని జనం నమ్మారు. తెల్ల కార్లు తగ్గాయి. అవ్వ కొడుక్కు మాత్రం, "మంచి దినాలు లేవు, తర్వాత చూద్దాం" అని చెప్పి పంపాడు. ఎక్కువ ధర మీద ఆశతో అతను గొణుక్కుంటూనే ఆగాడు. నాలుగు రోజుల్లో మృగశిర కార్తె వచ్చి మిరుగు వానలు పడ్డాయి. రెండు వానలకు నా గీతలు పాలలా కారి, బాణాలతో సహా మట్టిలో కలిసిపోయాయి.

పొలం దున్నుతున్న రోజు అవ్వ కొడుకు నన్ను ఆపాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, పొడుగు మనిషి. "అన్నా, మార్కులు పోయినయ్. జీపోల్లు మళ్ళ రాలేదా?"

ఈసారి నాలుకను అదుపులో పెట్టుకున్నాను. బాట పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. అతని దవడ బిగుసుకుంది. అవ్వ దూరంగా పాలకూర మడిలో కలుపు ఏరుతూ, మాకేసి చూడనట్టే చాలా శ్రద్ధగా చూస్తోంది.

"మా అవ్వకెరుకనా?" అన్నాడు.

నా కళ్ళు అవ్వ వైపు పోయాయి. అతనికి అదే జవాబు.

"నెల రోజులు నన్ను ఆడుకున్నరు ఇద్దరు." నాగలి వైపు, దున్నిన సాళ్ళ వైపు చూశాడు. "ఇప్పుడు అమ్ముదామన్నా విత్తనం తెచ్చి ఇంట్ల పెట్టిన. సరే, ఊరికెనే ఉరుకుతవ్ గద నువ్వు? వచ్చే ఐతారం పొద్దుగాలనే రా. నా చెల్కల పనిజెయ్యి. అప్పుడు మాఫీ."

ఆదివారం వెళ్ళాను. నాగలి వెనక నడుస్తూ, సాలులో జానెడుకొక మక్క గింజ, అదే మొక్కజొన్న గింజ, వేసి, కాలితో మట్టి కప్పాలి. చూడడానికి ఇంతేనా అనిపిస్తుంది. మూడో సాలుకు నడుము నాది కాకుండా పోయింది. ఆరు గీతలు దాటిన ఊపిరి అక్కడ దేనికీ పనికిరాలేదు. మా ఆవిడ చూడడానికని వచ్చి, చెప్పులు విప్పి తనూ ఒక సాలు పట్టింది. నాకంటే చక్కగా వేసింది. "ఈమె చేతికియ్యి గింజలు, ఆయన తిని కూసున్నోడు" అని అవ్వ అరిచింది. అవ్వ కొడుకు మొదటిసారి నవ్వాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టారు. ఎన్ని తిన్నానో మా ఆవిడ చుట్టాలకు చెప్పుకుంటూ ఉంటుంది.

సోమవారం ఆఫీసులో మెట్లు ఎక్కలేక లిఫ్టు కోసం నిలబడితే, పక్క సీటతను ఏమైందని అడిగాడు. పొలంలో గింజలు పెట్టానంటే నమ్మడని, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తానని చెప్పాను. చాలా గౌరవంగా పక్కకు జరిగాడు.

ఆ ఏడు మక్కలు బాగా పండాయి. అవ్వ కొడుకు కారు కొనలేదు, వాయిదాల మీద ట్రాక్టర్ కొన్నాడు. మూడేళ్ళ తర్వాత రెండెకరాలు అమ్మారు, అవ్వ ఒప్పుకునే అమ్మారు. బోరున్న ఎకరాన్ని మాత్రం ఆమె బతికున్నన్నాళ్ళు ముట్టనివ్వలేదు. వేసవిలో నేను అటు పరుగెత్తినన్నాళ్ళూ ఆ ఎకరంలో పాలకూర పచ్చగా ఉండేది.